కప్ప తెచ్చిన వరద

వరద కప్ప వల్ల వచ్చిందని మా ఊరు తేల్చింది. నవ్వకండి. పెద్దమనుషులంతా రామమందిరం అరుగు మీద కూర్చుని, టీలు తెప్పించుకుని తాగి, ఒకరి మాట ఒకరు నరికి నరికి చివరికి తేల్చిన సంగతి ఇది. ఆ కప్పని పట్టింది మా మేనత్త. కాబట్టి వరద తెచ్చిందీ మా మేనత్తే. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇంకా చల్లారలేదు. చల్లారాలని నేను కోరుకోవడమూ లేదు.

అత్త మా నాన్నకి అక్క. మావయ్య పోయాక పుట్టిన ఊరికే తిరిగొచ్చి, తన వాటాకి వచ్చిన మడిచెక్క చేసుకుంటూ, పల్లపు వీధి చివరింట్లో ఉంటోంది. మట్టిగోడలు, పైన రేకులు. నేను శృంగవరపుకోటలో, మేం కోట అని పిలిచే ఊళ్లో, బడిపిల్లలకి సోషల్ చెప్తాను. సెలవులిస్తే బస్సెక్కి ఎచ్చెర్లలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో నేరుగా మేనత్త ఇంటికే పోతాను. ఆవిడ నోరు మంచిది కాదని ఊళ్లో పేరు. ఆ నోటికి భయపడి కొన్ని మంచి పనులు జరిగాయని మాత్రం ఎవరూ చెప్పరు.

మా ఊరికి ఉత్తరాన గెడ్డ ఉంది. చిన్న ఏటిని మేం గెడ్డ అంటాం. కొండల మీద పడిన వాన అందులో దిగి, ఊరి పక్కన ఒక మలుపు తిరిగి, సముద్రం వైపు పోతుంది. ఆ మలుపులో ఒక రేవు. మా ఊరి అమ్మోరు మొదట దొరికింది ఆ రేవులోనేనట. అందుకని ఏటా పండగలో అమ్మోరిని కడిగిన పసుపునీళ్లు బిందెకెత్తి, డప్పులతో తీసుకెళ్లి ఆ రేవులోనే కలపాలి. ఇంకెక్కడా కలపకూడదు. కలిపేదాకా బిందె నేల తాకకూడదు. మోసేవాళ్లకి మెడ నొప్పెడితే ఒక తల మీంచి ఇంకో తల మీదకి మార్చుకోవచ్చు, అంతే. నాకు బుద్ధి తెలిసినప్పట్నుంచీ ఆ బిందె ఎత్తేది అత్తే.

పోయిన ఎండాకాలం, పండగ అలా అయిందో లేదో, ఎర్రమట్టి లారీలు దిగాయి. గెడ్డ అవతల పొలాలు ప్రెసిడెంటు గారి బావమరిది కొన్నాడు, లేఅవుట్ వేస్తున్నాడు. ప్లాట్లకి రోడ్డు కావాలి. రోడ్డుకి గెడ్డ అడ్డం. మామూలుగా అయితే గెడ్డ మీద వంతెన కడతారు. వీళ్లు గెడ్డలోనే మట్టి పోశారు. రేవు మీదుగా, మలుపుని పూడ్చేసి, మనిషెత్తు కట్ట వేసి దాని మీద రోడ్డు పరిచారు. అడుగున తూములు వేస్తామన్నారు. వేయలేదు. ఊళ్లో సగం ట్రాక్టర్లు ఆ మట్టి పనికే తిరుగుతున్నాయి గనక ఊరు నోరెత్తలేదు. అత్త ఒక్కత్తే పోయి అడిగింది.

"వానలొస్తే నీరు ఎటెల్తాదిరా?" అంది.

"వానలేయి అప్పా? ముందు రానీ. పండగ నాటికి తూములేసెత్తాం," అన్నాడు ప్రెసిడెంటు. వరసకి తమ్ముడవుతాడు లెండి. మా ఊళ్లో వరసలకేం తక్కువ లేదు.

వానలు నిజంగానే రాలేదు. శ్రావణం వచ్చినా ఆకుమడులు ఎర్రబడిపోయాయి. ఉభాలు, అంటే వరినాట్లు, ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అప్పుడు ఈ ప్రెసిడెంటే అత్త గుమ్మంలోకొచ్చి, "అప్పా, కప్పతల్లిని తిప్పండే. నీ సెయ్యి మంచిది," అని బతిమాలాడు. ఇది నేను విన్నమాట కాదు, ఆదివారం పూట అక్కడే కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తూ చూసింది. రోకలికి వేపమండలు కట్టి, మధ్యలో కప్పని గుడ్డలో పొదిగి, ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటి ఇల్లాలూ వచ్చి దాని మీద చెంబెడు నీళ్లు పోస్తుంది. తిప్పడం అయ్యాక కప్పని మళ్లీ గెడ్డలో వదలాలి, అదీ ఆచారం. ఆ ఏడు వదలడానికి గెడ్డలో నీరు లేదు, రేవు మట్టి కింద ఉంది. అత్త దాన్ని తన బోరు పక్క బురదలో వదిలేసింది. అది నాలుగు గెంతులు గెంతి పిల్లిపెసర మొక్కల్లోకి పోయింది. ఆ తర్వాత ఓ మాదిరి జల్లులు పడ్డాయి, ఉభాలు అయ్యాయి, కప్పనీ అత్తనీ అందరూ మరిచిపోయారు.

ఆశ్వయుజంలో వాయుగుండం వచ్చింది. దసరా సెలవులని నేనూ ఊళ్లోనే ఉన్నాను. వరి పొట్ట మీద ఉంది. ముందు గాలి వీచింది, తర్వాత గాలి ఆగి వాన మొదలైంది. అది మేం చిన్నప్పుడు చూసిన వాన కాదు. తెరిపి లేదు, చినుకుకీ చినుకుకీ మధ్య సందు లేదు. మధ్యాహ్నానికి అత్త పెరటి తలుపు తీసి చూసి, "ఒసే, నీరు ఎనక్కి తన్నుతన్నాది," అంది. గెడ్డలో వచ్చిన నీరు వచ్చినట్టు పోవడానికి లేదు. కట్టకి కొట్టుకుని, వెనక్కి తిరిగి, పల్లపు వీధి వెతుక్కుంది. మోకాళ్ల దాకా ఎర్రటి నీళ్లు. ఆవుని విప్పేశాం. ధాన్యం బస్తాలు అటకెక్కించే లోపే రెండు తడిసి ముద్దయ్యాయి. పెరటి గోడ ముందు కిందుగా నాని, పొట్ట ఉబ్బినట్టు ఉబ్బి, చప్పుడు లేకుండా కూర్చుండిపోయింది. దాని వెంట పక్క గోడ. మేం చేతులు పట్టుకుని బడికి పోతూ వెనక్కి చూస్తే, కట్టకి అవతల లేఅవుట్ పొడిగా ఉంది. హద్దురాళ్లకి పసుపురంగు ఇంకా మెరుస్తోంది. రంగు జెండాలు ఎగురుతున్నాయి.

నాలో కోపం పుట్టింది ఆ జెండాలు చూసినప్పుడే.

వాన వెలిసి, బడిలో పులిహోర పొట్లాలు తిని ఇళ్లకి తిరిగొచ్చాక కూడా పల్లపు వీధిలో నీరు కదల్లేదు. కట్ట వెనక అలాగే నిలబడి, పచ్చబడి, కంపు కొట్టింది. అత్త మడిచెక్కలో ఇసుక మేట వేసింది. ఇంటికి వీధిగోడా, ఒక పక్క గోడా మిగిలాయి. నిలిచిన ఆ రెండూ అడుగున తడిగానే ఉన్నాయి. ఇంకో వాయుగుండం ఉందని ఫోన్లలో చెప్తున్నారు. అత్తకి కావలసింది ఒక్కటే. ఆ వాన వచ్చేలోగా గెడ్డ తెరవాలి. తెరవకపోతే ఆవిడకి ఇల్లు ఉండదు. పరిహారం మాట ఆవిడ ఎత్తలేదు, బియ్యం మాట ఎత్తలేదు. కనపడ్డవాళ్లందరినీ గెడ్డ తెరవమనే అడిగింది.

నష్టం రాసుకోవడానికి ఒక ఆఫీసరు వచ్చాడు. ప్యాంటు మడిచి, రోడ్డు కట్ట మీదే నిలబడి, కింద నీళ్లని ఫోటోలు తీసుకున్నాడు. ఆ నీళ్లు ఎందుకు నిలిచాయో చెప్పే మట్టి ఆయన బూట్ల కిందే ఉంది. "క్లైమేట్ చేంజ్ అండీ. ప్రపంచమంతా ఇదే పరిస్థితి. మన చేతుల్లో ఏముంది?" అన్నాడు.

ప్రెసిడెంటు మొహం వెలిగిపోయింది. అంత మంచి మాట ఆయనకి అంతదాకా దొరకలేదు. ఆ సాయంత్రానికల్లా ఊళ్లో అందరి నోటా అదే మాట. "పెపంచకమంతా ఇలాగే ఉన్నాదట గదా, మనవేటి సేత్తాం?"

నా ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే అది అబద్ధం కాదు. నేను పిల్లలకి చెప్పే పాఠమే అది. సముద్రం వేడెక్కింది, వాన తీరు మారింది, నెల వాన ఒక పూటలో కుమ్మరిస్తోంది. అంతా నిజం. ఆ నిజాన్ని తెచ్చి ఒక దొంగపనికి గొడుగు పట్టారు. వాన ఎక్కువైందని తెలిసినవాడు గెడ్డని వెడల్పు చేయాలా, పూడ్చాలా? ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మట్టి పోసింది మనిషి, తప్పు మాత్రం ఆకాశానిది!

అత్త అలాగే అడుగుతుంటే, నలుగురూ వినడం మొదలుపెట్టారు. పల్లపు వీధి ఆడవాళ్లు కూడా గొంతు కలిపారు. అందుకని రామమందిరం దగ్గర మీటింగు పెట్టారు. వరద ఎందుకొచ్చిందో చర్చించాలట. ఒకాయన ఒడిశాలో గేట్లెత్తేశారన్నాడు. మా గెడ్డకీ ఒడిశాకీ బీరకాయ పీచు చుట్టరికం కూడా లేదు. ఒకాయన సెల్ టవర్ అన్నాడు. ఒకాయన పండగలో కోడిని సరిగ్గా కోయలేదన్నాడు. అన్నీ అన్నారు, ఒక్క గెడ్డ మాట తప్ప. నేను లేచి, "ఆకాశం నుంచి పడింది వానే. ఇళ్లలోకి వచ్చింది మాత్రం ఆ రోడ్డు," అన్నాను.

"నీకేటి తెల్సమ్మా, కోటలో ఉజ్జోగం సేసుకుంతావు. కూకో," అన్నారు.

అప్పుడు తీశాడు ప్రెసిడెంటు కప్పని. "అందరూ అన్నీ సెప్పినారు. నానొక్కటి అడుగుతాను. సావనంలో కప్పతల్లిని తిప్పినారా? తిప్పినాక కప్పని గెడ్డలో ఇడిసినారా?" అని అత్త వైపు తిరిగాడు. "ఎక్కడ ఇడిసినావు అప్పా?"

"బోరు కాడ," అంది అత్త.

అంతే. అరుగంతా ఒక్కసారి "అదీ!" అంది. గంగమ్మని పిలిచారు, పిలిచి సాగనంపలేదు, అందుకే ఆగకుండా కురిసింది. కొండల మీదా సముద్రం మీదా పట్టిన వాయుగుండానికి కారణం మా అత్త బోరు పక్క గెంతిన కప్ప! ప్రపంచమంతా ఇంతే అన్న నోళ్లే ఇప్పుడు ఇదీ అంటున్నాయి. రెండూ ఒకేసారి ఎలా నమ్ముతారని అడగబోయాను. వాళ్లకి నమ్మకంతో పనేముంది, గెడ్డ మాట రాకుండా ఉంటే చాలు. దున్నపోతు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే బాపతు.

పూజారి శాంతి చెప్పాడు. అత్త తలకి పోసుకుని, తడిబట్టతో అమ్మోరి ముందు తప్పు ఒప్పుకోవాలి. అమ్మోరిని కడిగి, ఆ నీళ్లు పండగలోలాగే సాగనంపాలి.

నేను అత్త చెయ్యి పట్టుకుని లాగాను. "ఒప్పుకోకు. నువ్వేం చేశావని?"

అత్త నా చెయ్యి విడిపించుకుంది. "ఒప్పుకుంతాను," అంది అందరికీ వినపడేట్టు. "పండగలోలాగే గదా? పూజారీ, మాట తప్పకు." ఆవిడకి తల వంచడం చేతకాదు, అలాంటిది ఆ పూట వంచింది. ఆవిడ మీద కూడా నాకు కోపం వచ్చింది. ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి కూర్చున్నాను. అత్త చారు కాచి నా ముందు పెట్టింది.

మర్నాడు పొద్దున్న డప్పులొచ్చాయి. ఊరంతా వచ్చింది. మా ఊళ్లో వరదసాయానికి రానివాళ్లు కూడా తమాషాకి వస్తారు. అత్త తడిచీరతో అమ్మోరి ముందు నిలబడి, "కప్పని గెడ్డలో కలపనేదు తల్లీ, తప్పు నాదే," అంది. ప్రెసిడెంటు కళ్లు మూసుకుని దండం పెట్టాడు. అమ్మోరిని కడిగారు. పసుపునీళ్లు బిందెకెత్తారు. అత్త బిందె తల మీద పెట్టుకుని నడిచింది. వేపమండలు, డప్పులు, వెనక జనం. పల్లపు వీధిలో కుళ్లు నీళ్ల అంచు వెంబడే నడిచి, రోడ్డు కట్ట ఎక్కి, లేఅవుట్ గేటు ముందు, సరిగ్గా ఒకప్పుడు రేవు ఉన్నచోట ఆగింది.

"రేవేది?" అంది.

డప్పులు ఒక్కొక్కటీ ఆగాయి. నాకు అప్పుడు తెలిసింది ఆవిడ ఎందుకు ఒప్పుకుందో.

"అమ్మోరి నీరు ఎక్కడ కలపాల? సూపించండి. కలిపెల్లిపోతాను."

పూజారి ప్రెసిడెంటు వైపు చూశాడు. ప్రెసిడెంటు బావమరిది వైపు చూశాడు. బావమరిది ఫోన్ చూసుకున్నాడు. ఎవరో పంచాయతీ కాలవలో పోసేయమన్నారు. "అమ్మోరి నీరు మురుగులో పోత్తావేట్రా?" అంది అత్త. ఇంకెవరో కట్ట పక్కన నిలిచిన నీళ్లలో కలపమన్నారు. "పారని నీట్లో కలుపుతారేటి? అది గెడ్డ నీరా, మీ రోడ్డు నీరా?" దిగువన గెడ్డ ఉంది కదా, అక్కడికి పోదాం అన్నాడొకడు. పూజారే తల అడ్డంగా ఊపాడు. అమ్మోరు దొరికింది ఇక్కడ. ఇంకెక్కడా పనికిరాదు. ఆ మాట ఆయన నోట్లోంచి రావడానికి ఎంత కష్టపడ్డాడో అందరం చూశాం.

"సరే, బిందె కింద పెట్టప్పా, ఆలోసిద్దాం," అన్నాడు ప్రెసిడెంటు.

"పెట్టమంతావా? ఆ మాట నువ్వే అను, గట్టిగా అను. ఊరికి సేటొత్తే ఎవులి మీద ఏత్తారో నాను కూడా సూత్తాను."

ఆయన ఒకడుగు వెనక్కి వేశాడు.

ఎండెక్కింది. అత్త తడిచీర ఒంటి మీదే ఆరిపోయింది. మెడ వణకడం కనిపించి పక్కింటావిడ వచ్చి బిందె తన తల మీదకి మార్చుకుంది. ఆవిడ తర్వాత ఇంకొకావిడ. సముద్రం ఒడ్డు నుంచి చేపల గంప ఎత్తుకుని మా ఊరు వచ్చే ఆవిడ, ఆ దారినే పోతూ ఆగి సంగతి కనుక్కుంది. "ఆ వాన నాడు సముద్రం ఉబ్బిపోయి ఉన్నాది, మీ నీరు తీసుకోనేదు. అది నిజివే. మా ఒడ్డూ కోసుకుపోనాది. గానీ గెడ్డలో రోడ్డు సముద్రం ఏసినాదేటి?" అని గంప దించి, చుట్టకుదురు సర్దుకుని, బిందె తన తల మీద పెట్టుకుంది. పై ఊరిదానివి నువ్వేమిటని ఒక మొగాయన అన్నాడు. ఆవిడ ఆయన వైపు చూసిన చూపుకి గుంపు వెనక్కి జారుకున్నాడు.

నా వంతూ వచ్చింది. నిండు బిందె ఎంత బరువో నాకు అప్పటిదాకా తెలీదు. మెడ నరాలు లాగుతుంటే, మీటింగులో అనలేని మాటలన్నీ అక్కడ నిలబడి అనేశాను. ఒక్కొక్కరినీ వరసపెట్టి పిలిచి అడిగాను. మట్టి నీ ట్రాక్టర్‌తోనే తోలావు కదా బాబాయ్ అని, తూములేవి మావయ్యా అని. తల మీద అమ్మోరి నీళ్లున్న మనిషిని కూర్చోమనడానికి ఎవడికీ నోరు రాలేదు.

పొద్దు వాలుతుండగా జేసీబీ వచ్చింది. ఎవరు పిలిచారో నాకు ఇప్పటికీ తెలీదు. లేఅవుట్ పనిలో ఉన్న బండే. బావమరిది అడ్డం నిలబడితే ప్రెసిడెంటే చెయ్యి పట్టి పక్కకి లాగాడు. పరువు కోసమో, భయంతోనో మరి. రోడ్డు పగిలింది. ఎర్రమట్టి తీసిన కొద్దీ కింద నల్లటి ఒండ్రు బయటపడింది, రేవు రాళ్లు బయటపడ్డాయి. ఇంకో రెండుసార్లు తోడేసరికి కట్ట వెనక నిలిచిన నీరంతా ఆ సందులోకి దూకింది. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. ఆ రోజు నిజం కూడా నీటికే తెలుసు. అత్త బిందె తీసుకుని, రేవు రాయి మీద నిలబడి, పారుతున్న నీళ్లలో పసుపునీళ్లు వంచింది. తెల్లారేసరికి పల్లపు వీధిలో బురద తప్ప నీరు లేదు.

ఇక్కడితో నా కోపం చల్లారి ఉండేదేమో. కానీ మర్నాడు రామమందిరం అరుగు మీద ఏమనుకున్నారో తెలుసా? కప్ప దోషం తీరింది గనక నీరు పోయిందట. అమ్మోరు శాంతించిందట. పూజారి సాక్ష్యం. తవ్విన జేసీబీని వాళ్లెవరూ చూడలేదు! గెడ్డ తెరిపించడానికి మా అత్త చేయని తప్పు నెత్తికెత్తుకోవలసి వచ్చింది, ఆ తప్పు ఊళ్లో ఇప్పటికీ ఆవిడ పేరు మీదే ఉంది. మట్టి పోసినవాళ్ల పేరు మీద లేదు.

సెలవులయ్యాక నేను కోటకి వచ్చేశాను. నిన్న అత్త ఫోన్ చేసింది. లేఅవుట్ వాళ్లు మళ్లీ మట్టి తెచ్చి గెడ్డ ఒడ్డున కుప్ప పోశారట, టీవీలో మళ్లీ వాయుగుండం చెప్తున్నారట. కలెక్టరు దగ్గరికి పోదాం, పేపరు వాళ్లని పిలుద్దాం అని నేను అరుస్తున్నాను. అత్త గొంతులో కంగారు లేదు. రేవు రాయి మీదే కూర్చుని మాట్లాడుతోందట. వెనకాల పారుతున్న నీటి చప్పుడు నాకు వినిపిస్తోంది.

"ఈసారి కప్పని ఎవులూ పట్టనేదు. ఎవులి మీద పెడతారో సూద్దాం," అంది. "బావమరిది లారీ ఏసుకొచ్చినాడు పొద్దున్న. సెప్పినాను. ఒరే, అమ్మోరి ముందర ఊరంతా కలిసి తప్పు నాదేనన్నారు గదా. అయితే గెడ్డా నాదే. ముట్టుకో సూద్దాం, అన్నాను."